ఆర్గనాయిడ్‌లు, ఎలుకలు, మనమిచ్చే రక్తం: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మెదడు జబ్బుల పరిశోధనకి రక్తం ఇచ్చే కుటుంబాల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి పొద్దున్నే ఓపీ చీటీ కోసం నిలబడేవాళ్ళు కొందరు. కేఆర్ పురం, మారతహళ్ళిల్లో ఎప్పుడో స్థిరపడిపోయినవాళ్ళు ఇంకొందరు. అంగీకార పత్రం వాళ్ళకి తెలుగులో చదివి వినిపించి, అనుమానాలు తీర్చడం నా పని. అడిగే మనుషులు మారుతున్నారు గానీ అడిగే మాటలు అవే. అందుకని ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదటిసారి విన్నప్పుడు

మా వాడి రక్తం తీసుకుని ల్యాబులో వాడి మెదడు తయారు చేస్తారంట. నిజమేనా?

మెదడు చెయ్యరు, మెదడులో ఉండే రకం కణజాలాన్ని పెంచుతారు. రక్తంలోని కొన్ని కణాలకి నాలుగు జన్యువులు చేర్చి, వాటిని మళ్ళీ మూలకణాల స్థితికి, అంటే ఏ రకం కణంగానైనా మారగల స్థితికి తీసుకెళ్తారు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక ఈ పద్ధతిని 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో చేసి చూపించారు. 2012లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ మూలకణాలకి తగిన ద్రవం పోసి, తగిన వేడిలో ఉంచితే అవే న్యూరాన్లుగా, అంటే మెదడు నాడీకణాలుగా మారి పొరలు పొరలుగా అమరుతాయి. మెదడు విషయంలో దీన్ని 2013లో వియన్నాలో మాడలిన్ లాంకాస్టర్, యుర్గన్ నోబ్లిక్ బృందం సాధించింది. ఆ ముద్దనే ఆర్గనాయిడ్ అంటారు.

పరిమాణం చెప్పాలంటే పెసరగింజంత, దాదాపు 4 మిల్లీమీటర్లు. రక్తనాళాలు ఉండవు కాబట్టి అంతకు మించి పెరిగితే నడిమధ్య కణాలకి ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లుంటే, ఇందులో అన్ని రకాలూ కలిపి లక్షల్లో కణాలుంటాయి. మీవాడి జ్ఞాపకాలు, అలవాట్లు, మీమీద కోపం, ఇవేవీ అందులోకి రావు. జన్యువులు మాత్రం వాడివే.

ఎలుకలు ఉన్నాయి కదా, మనిషి కణాలతో ఇదంతా ఎందుకు?

ఎలుక మెదడు మన మెదడుకి చిన్న నకలు కాదు కాబట్టి. పుట్టుకతోనే తల చిన్నదిగా ఉండే జబ్బునే చూడండి. మనుషుల్లో ఆ జబ్బు తెచ్చే జన్యులోపాన్ని ఎలుకలో పెడితే, దాని మెదడు మనిషిలో తగ్గినంతగా తగ్గదు. రోగి కణాలతో పెంచిన ఆర్గనాయిడ్‌లో అయితే లోపం కళ్ళకి కట్టినట్టు కనబడింది. విభజన చెందుతూ ఉండాల్సిన కణాలు తొందరపడి న్యూరాన్లుగా మారిపోయి, కొత్త కణాల సరఫరా అడుగంటిపోయింది. 2016లో జికా వైరస్ గర్భంలోని బిడ్డ మెదడుని ఎలా దెబ్బతీస్తుందో పోల్చుకోవడానికీ ఇవే పనికొచ్చాయి.

మానసిక జబ్బుల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని ఎలుక చెప్పలేదు కదా. బెంగళూరులో నిమ్‌హాన్స్ ఆసుపత్రి, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలు కలిసి, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తీవ్రమైన మానసిక జబ్బులున్న కుటుంబాల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ, వాళ్ళ కణాలతో, ల్యాబులో ఏళ్ళ తరబడి పెంచుకోగల మూలకణ వరుసలు తయారు చేసి పెట్టడానికి కారణం ఇదే.

ఇది పాపం కాదా?

పెద్దవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న. దానికి జవాబు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. ఒక్క సంగతి మాత్రం చెబుతాను: మీ రక్తంతో చేసే ఆర్గనాయిడ్‌ని పిండం నుంచి తియ్యరు, అది పిండంగా ఎదగదు. భ్రూణహత్యతో ముడిపెట్టి భయపడుతున్నట్టయితే ఆ భయం అక్కర్లేదు. జీవహింస గురించే మీ బెంగ అయితే, అది కణాలు పెంచే డిష్ దగ్గర కంటే ఎలుకల గదిలో పడవలసిన బెంగ.

## సంతకం పెట్టే ముందు

ఒకసారి రక్తం ఇచ్చాక అది ఎవరెవరి చేతికి పోతుందో మాకేం తెలుసు?

తెలియాలి. తెలియకుండా సంతకం పెట్టకండి. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార కేన్సర్ కణాల్ని ఆమెకి చెప్పకుండానే తీసుకున్నారు. ఆమె అదే ఏడాది చనిపోయింది. కణాలు మాత్రం హీలా పేరుతో ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి తెలియడానికే ఇరవై ఏళ్ళకి పైగా పట్టింది. ఒక పెద్ద కంపెనీతో రాజీ కుదిరి ఆ కుటుంబానికి పరిహారం దక్కింది 2023లో.

ఈరోజు అంగీకార పత్రాలు అందువల్లే పొడుగ్గా ఉంటాయి. పొడుగ్గా ఉన్నంత మాత్రాన అన్నీ ఉన్నట్టు కాదు. నేనైతే నాలుగు సంగతులు విడివిడిగా అడగమంటాను. ఈ కణాల్ని వేరే సంస్థలకీ, విదేశాలకీ పంపుతారా? కంపెనీలకి ఇస్తారా? జంతువుల మెదడులోకి ఎక్కిస్తారా? నా జన్యు సమాచారం నా పేరుతో కలిసి ఎక్కడైనా ఉంటుందా? మూడో ప్రశ్నకి చాలామంది తడబడతారు. రక్తపరీక్షకి ఒప్పుకున్నవాళ్ళంతా తమ కణాలు ఎలుక తలలో బతకడానికి ఒప్పుకున్నట్టు కాదు. దానికి పత్రంలో వేరే గడి, పక్కనే వేరే సంతకం ఉండాలి. లేకపోతే పెట్టమని అడగండి. అడిగితే విసుక్కునే చోట ఇవ్వకపోయినా నష్టం లేదు, మీ వైద్యం ఆగదు, ఆపకూడదు.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. వాడి బదులు నేను సంతకం పెడితే చాలదా?

చాలదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 99వ సెక్షన్ ప్రకారం పరిశోధనకి ఆ మనిషి స్వయంగా, ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి. జబ్బుంది కాబట్టి అర్థం కాదని మీరే తీర్మానించెయ్యకూడదు. మందులు వాడుతూ నిలకడగా ఉన్నవాళ్ళలో చాలామంది, పక్కన తోడొచ్చిన బంధువుల కంటే శ్రద్ధగా వింటారు. నిజంగానే ఒప్పుకోగల స్థితిలో లేకపోతే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకునే దారి ఒకటి చట్టంలోనే ఉంది. అన్నగా మీ సంతకం దానికి ప్రత్యామ్నాయం కాదు.

పాపకి పదేళ్ళు. తనని కూడా అడగాలా?

అడగాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలు నోటిమాటగా, 12 దాటినవాళ్ళు రాతపూర్వకంగా సరేననాలి. తల్లిదండ్రుల అంగీకారం ఎలాగూ కావాలి. సూది అంటే భయపడి వద్దందా? సరే, ఆ రోజుకి వదిలెయ్యండి.

తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా?

ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. దాచిన నమూనాని నాశనం చెయ్యమని అడగొచ్చు. కాకపోతే మీ నమూనా మీద పేరు, కోడు అన్నీ చెరిపేశాక అది ఎవరిదో పోల్చుకోవడం వాళ్ళ తరం కూడా కాదు. అచ్చయిన ఫలితాల్నీ, అప్పటికే పంపేసిన కణాల్నీ వెనక్కి రప్పించలేరు. ఎంతవరకు వెనక్కి తీసుకోగలమో పత్రంలోనే రాసి ఉండాలి.

అది మా వాడి కణమే కదా. దానికేమన్నా అయితే వానికీ అయితాదా?

మదనపల్లె నుంచి వచ్చిన ఒక అమ్మ ఇలా అడిగి, నేను జవాబు చెప్పేలోపే "నవ్వద్దు నాయనా" అంది. నవ్వాల్సిందేమీ లేదు. తీసిన రక్తానికీ మనిషికీ ఇక ఏ సంబంధమూ ఉండదు. ల్యాబులో ఆ కణాలు చెడిపోయినా, పారబోసినా మీ అబ్బాయికి ఏమీ కాదు. అబ్బాయి జ్వరపడితే అక్కడి కణాలకీ ఏమీ కాదు. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలేది జన్యు సమాచారం ఒక్కటే. భద్రంగా ఉండాల్సింది అదే, ఎందుకంటే అందులో మీ అబ్బాయి ఒక్కడే కాదు, మీరూ, వాడి చెల్లెలూ సగం సగం ఉంటారు.

డబ్బులిస్తారా?

దారిఖర్చులు, ఆ రోజు భోజనం, పోయిన కూలి ఇవ్వొచ్చు. కణాలకి ధర కట్టరు.

చనిపోయాక మెదడు దానం చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. నిమ్‌హాన్స్‌లో మెదడు బ్యాంకు 1995 నుంచి ఉంది. చెన్నైలో ఐఐటీ మద్రాస్ బ్రెయిన్ సెంటర్ వాళ్ళు దానంగా వచ్చిన పిండస్థ మెదళ్ళని పలచని పొరలుగా కోసి, 5,132 పొరల చిత్రాలని ధరణి పేరుతో 2024 డిసెంబరులో అందరికీ అందుబాటులో పెట్టారు. బతికుండగా మీరు రాసిచ్చినా, ఆ రోజున ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని వెంటనే కబురు చేస్తేనే అది జరుగుతుంది. కాబట్టి ముందు పిల్లలతో మాట్లాడండి.

## ల్యాబులో పెరుగుతున్నప్పుడు

ఆ ముద్దకి నొప్పి తెలుస్తుందా?

నేరుగా చెప్పాలంటే, తెలుస్తుందనడానికి ఆధారం లేదు. మన మెదడుకే నొప్పి గ్రాహకాలు లేవు. మెలకువగా ఉన్న మనిషితో మాట్లాడుతూనే మెదడు ఆపరేషన్ చెయ్యగలుగుతున్నారంటే అందుకే.

కానీ 2025లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం చేసిన ప్రయోగం ఈ జవాబుని కాస్త ఇబ్బందిలో పెట్టింది. వాళ్ళు నాలుగు రకాల ఆర్గనాయిడ్‌లు పెంచారు. ఒకటి చర్మం నుంచి కబురు తెచ్చే నాడీకణాలు, ఒకటి వెన్నుపాము, ఒకటి మెదడు లోపల కబుర్లు అందుకుని పైకి పంపే థాలమస్, ఒకటి మెదడు పైపొర. నాలుగింటినీ వరుసగా పక్కపక్కన పెడితే అవి అతుక్కుని ఒకదాని నుంచి ఇంకోదానికి దారి వేసుకున్నాయి. మొదటి దాని మీద క్యాప్‌సైసిన్ వేశారు. మన గుంటూరు మిరపకాయలో మంట పుట్టించే పదార్థమే అది. వెయ్యగానే సంకేతం మొదటి దాని నుంచి చివరిదాకా పాకింది.

మరి అది మండిందా? ఆ బృందం కాదంటోంది. మంట ఎక్కడ, ఎంత అనే కబురు మోసే దారి ఒకటి, "అమ్మో" అనిపించే దారి ఇంకొకటి. వాళ్ళు కట్టింది మొదటిదే. ఈ జవాబు నాకు సమంజసంగానే ఉంది. అయితే రెండో దారి కట్టడం అసాధ్యమేమీ కాదు, నొప్పి మందుల కోసం వెతికేవాళ్ళకి అవసరం కూడా. కట్టాలో వద్దో మాట్లాడుకోవాల్సింది అది కట్టేశాక కాదు.

ఆలోచిస్తుందా? స్పృహ ఉంటుందా?

2019లో శాన్ డియాగోలో ఆలిసన్ ముయోత్రి బృందం, నెలల వయసున్న ఆర్గనాయిడ్‌లలో లయబద్ధమైన విద్యుత్ తరంగాలు చూసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఈఈజీతో, అంటే మెదడు విద్యుత్ తరంగాల రికార్డుతో వాటికి కొన్ని పోలికలు కనబడ్డాయి. పత్రికలు ఇక ఆగలేదు. తరంగం ఉండటం వేరు, దాన్ని అనుభవించే మనిషి ఉండటం వేరు. ఆర్గనాయిడ్‌కి కళ్ళు, చెవులు, చర్మం లేవు, ఆకలి లేదు, నిద్రామెలకువలు లేవు. మామూలుగా బయటి లోకం నుంచి అందులోకి ఏదీ చేరదు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్పృహని కొలిచే యంత్రం మన దగ్గర లేదు. మాట్లాడలేని రోగి విషయంలోనే డాక్టర్లు తడబడుతుంటారు. కాబట్టి ఎప్పటికీ రాదని ప్రమాణం చేసేవాళ్ళనీ, ఇప్పటికే వచ్చేసిందనేవాళ్ళనీ ఇద్దరినీ నమ్మను. 2019లో యేల్ విశ్వవిద్యాలయంలో, కబేళా నుంచి తెచ్చిన పంది మెదళ్ళని చనిపోయిన నాలుగు గంటల తర్వాత మళ్ళీ కొంతవరకు పని చేయించినప్పుడు, స్పృహ జాడ కనబడితే వెంటనే ఆపడానికి మత్తుమందు చేతికందేలా పెట్టుకుని కూర్చున్నారు. అవసరం పడలేదు. ఆ ముందుజాగ్రత్త నాకు నచ్చింది.

డిష్‌లో మెదడు కణాలు వీడియో గేమ్ ఆడాయంట కదా?

2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ చేసిన పని. ఎలక్ట్రోడ్ల పలక మీద దాదాపు 8 లక్షల న్యూరాన్లు పరిచి, పాంగ్ ఆటలో బంతి ఎక్కడుందో విద్యుత్ సంకేతాలుగా పంపారు. బంతి తప్పితే గజిబిజి సంకేతం, తగిలితే క్రమమైన సంకేతం. కొద్ది నిమిషాల్లో కొట్టే వరస మెరుగుపడింది. దాన్ని వాళ్ళు వర్ణించిన తీరు, కణాలకి అనుభూతి ఉందన్నట్టుగా ఉందని సాటి శాస్త్రవేత్తలే గట్టిగా తప్పుపట్టారు. 2025లో అదే కంపెనీ అలాంటి కణాలతో నడిచే పెట్టెని సీఎల్1 పేరుతో అమ్మకానికి పెట్టింది. రోగుల కోసమని ఇచ్చిన కణాలు కంప్యూటర్ పనికి పోవచ్చా అన్నది దానితో పుట్టే కొత్త ప్రశ్న. నా వరకైతే, దాతకి చెప్పకుండా పోకూడదు.

ఎన్నాళ్ళు పెంచుతారు? ఎక్కడో ఒకచోట ఆపాలి కదా?

ప్రయోగాన్ని బట్టి రెండు మూడు నెలల నుంచి ఏడాది దాటి కూడా. దాదాపు 250 నుంచి 300 రోజులు దాటిన ఆర్గనాయిడ్‌లలో, శిశువు పుట్టే సమయంలో మెదడు జన్యువుల పనితీరులో వచ్చే కొన్ని మార్పులు కనబడతాయని 2021లో తేలింది. పిండాలకి 14 రోజుల హద్దు మన దేశంలో ఉంది. ఆర్గనాయిడ్‌లకి అలాంటి రోజుల హద్దు లేదు.

రోజుల లెక్క పెట్టడం వల్ల పెద్ద ఉపయోగం ఉందనుకోను. ఎన్నాళ్ళయిందన్న దానికంటే దేనితో కలిపారు, దేనికి తగిలించారు అన్నది ముఖ్యం. ఒంటరిగా ఏడాది ఊగిన ముద్ద కన్నా, కంటి కణాలకీ నొప్పి దారికీ కలిపిన మూడు నెలల ముద్ద గురించి ఎక్కువ ఆలోచించాలి.

పని అయ్యాక ఏం చేస్తారు? ఊరికే పారేస్తారా?

ముందు రసాయనంతోనో ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలోనో నిర్జీవం చేసి, జీవవైద్య వ్యర్థాల నిబంధనలు 2016 ప్రకారం పసుపు సంచిలో వేస్తారు. సంచి దహనానికి వెళ్తుంది. చచ్చిన ఎలుకలు కూడా పసుపు సంచిలోకే. ఆసుపత్రిలో తీసేసిన అపెండిక్స్‌కీ ఇదే దారి. కర్మకాండలు ఉండవు. కావాలని ఒక కుటుంబం అడిగితే తప్పుపట్టను.

## జంతువుల దగ్గరికి వచ్చేసరికి

ఆర్గనాయిడ్‌లు వచ్చాయి కదా, ఇక జంతువులు బతికిపోయినట్టేనా?

అలా ప్రచారం చేస్తారు, నేనూ ఒకప్పుడు సంతోషంగా విన్నాను. నిజం అంత శుభ్రంగా లేదు.

ల్యాబులోకి వెళ్ళి చూడండి. ఆర్గనాయిడ్ బొట్టుగా అమరడానికి వేసే జిగురు పేరు మ్యాట్రిజెల్. ఐసు మీదే పెట్టుకుని పని చెయ్యాలి, కాస్త వెచ్చబడితే పిపెట్ కొసలోనే గడ్డకట్టేస్తుంది. ఆ జిగురు ఎలుకల్లో పెంచిన కణితి నుంచి తీసింది. చాలా ల్యాబుల్లో కణాలకి పోసే సీరం, కబేళాలో చూడి ఆవు కడుపులో దొరికిన దూడ రక్తం నుంచి వస్తుంది. గుడ్డు కూడా ముట్టని పరిశోధక విద్యార్థులు ఆదివారం పొద్దున సెలవు మానుకుని వచ్చి, గులాబీరంగు ద్రవం పసుపుకి తిరిగిందేమో చూసి, అదే సీరం మార్చి వెళ్తుంటారు. జంతువుల ప్రమేయం లేని జిగుర్లు, ద్రవాలు మార్కెట్లో ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, అన్ని పనులకీ కుదరవు.

రెండోది, కాలేయం మీద, గుండె మీద మందు ఏం చేస్తుందో మెదడు ముద్ద చెప్పదు. రక్తప్రసరణ, రోగనిరోధకత, హార్మోన్లు అన్నీ ఉన్న ఒళ్ళు కావాలి. మూడోది, ఆర్గనాయిడ్ బాగా ఎదగాలంటే దాన్ని బతికున్న ఎలుక తలలోనే నాటుతున్నారు. అంటే కొన్నిచోట్ల ఇది జంతువుని తప్పించలేదు, జంతువుకి కొత్త పని పెట్టింది.

అయినా తగ్గుదల ఉంది. వందల మందుల్లోంచి పనికిరానివాటిని కణాల దశలోనే ఏరేస్తే, ఎలుకల దాకా వచ్చేవి కొన్నే. రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాల్లో, అంటే మార్చగలిగితే మార్చు, లేదా తగ్గించు, లేదా బాధ తక్కువ చెయ్యి అన్నవాటిలో, ఇప్పటికి గట్టిగా చెప్పగలిగింది రెండోదే.

మనిషి మెదడు కణాలు ఎక్కించిన ఎలుక మనిషిలా ఆలోచిస్తుందా?

2022లో పాష్కా బృందం రోగనిరోధక శక్తి లేని ఎలుకల్ని తీసుకుని, పుట్టిన కొద్ది రోజులకే వాటి మెదడులో మనిషి ఆర్గనాయిడ్‌ని నాటింది. నెలలు గడిచేసరికి అది ఆ వైపు అర్ధగోళంలో మూడో వంతు దాకా ఆక్రమించింది. మీసాలు కదిపితే మనిషి న్యూరాన్లు స్పందించాయి. నీలికాంతితో ఆ న్యూరాన్లని రెచ్చగొడితే నీళ్ళ కోసం గొట్టం నాకడం ఎలుక నేర్చుకుంది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మామూలు ఎలుకల్లాగే ఉంది, తెలివి పెరగలేదు, మూర్ఛలు రాలేదు. 2024లో టిమోతీ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బుకి మందుని పరీక్షించింది కూడా ఇలాంటి ఎలుకల్లోనే. కాబట్టి ఇది తమాషా కోసం చేసింది కాదు.

ఎలుక మెదడు వేగంగా, చిన్నగా ఎదుగుతుంది కాబట్టి మనిషి కణాలు దానితో పూర్తిగా కలవలేవు. కోతిలో నాటితే ఆ అడ్డం తగ్గుతుంది. గీత గియ్యాల్సింది అక్కడే అని నా అభిప్రాయం, పాష్కా కూడా కోతుల్లో చెయ్యడం తగదనే అన్నారు.

ఎలుకలకి బాధ తెలుస్తుందా?

తెలుస్తుంది. ఇందులో సందేహం లేదు. ముద్దకి స్పృహ ఉందా అని అడిగేవాళ్ళు రోజూ వస్తారు, ఈ ప్రశ్న అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఎందుకో నాకు అర్థం కాదు.

2010లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఎలుక ముఖకవళికలకి ఒక కొలమానం తయారు చేశారు. కళ్ళు చికిలించడం, బుగ్గలు ఉబ్బడం, చెవులు వెనక్కి లాగడం, మీసాలు బిగుసుకోవడం. అలవాటైన కన్నుకి, ఆపరేషనయిన ఎలుక పంజరంలో మూలకి నక్కి అరకళ్ళు మూసిందంటే నొప్పి మందు చాలలేదని తెలిసిపోతుంది. అదే ఏడాది లివర్‌పూల్‌లో తేలిన ఇంకో సంగతి: తోక పట్టి ఎత్తితే ఎలుక రోజుల తరబడి బెదిరిపోయి ఉంటుంది, చిన్న గొట్టంలోకి రానిచ్చి ఎత్తితేనో దోసిట్లో ఎత్తితేనో బెదరదు. గొట్టానికి ఖర్చు దాదాపు ఏమీ కాదు. అయినా తోక పట్టే అలవాటు పోలేదు. మనం నైతికత గురించి సదస్సులు పెడతాం, ఇలాంటివి మార్చడానికి బద్ధకిస్తాం.

ప్రయోగం అయ్యాక వాటిని ఏం చేస్తారు?

ఎలుకల్ని దాదాపు అన్నిచోట్లా చంపుతారు, చాలాసార్లు మెదడుని పరీక్షించడం కోసమే. మత్తు ఇచ్చి, నిర్దేశించిన పద్ధతిలో చెయ్యాలి. కుక్కల కథ వేరు. మందుల పరీక్షలకి వాడిన బీగిల్ కుక్కల్ని బెంగళూరులో క్యూపా అనే జంతు సంక్షేమ సంస్థ ఇళ్ళకి దత్తత ఇప్పిస్తోంది. పార్కులో ఎక్కడైనా బీగిల్ కనబడి, చెవి లోపల అంకె పచ్చబొట్టుగా ఉంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. అలాంటివాటికి గడ్డి మీద నడవడం, మెట్లెక్కడం కూడా కొత్తే. తెచ్చుకునేవాళ్ళకి ఓపిక ఉండాలి.

మన దేశంలో కోతుల మీద చేస్తారా?

చేస్తారు, తక్కువగా, కేంద్ర కమిటీ అనుమతితో. అమెరికాకి రీసస్ కోతుల ఎగుమతిని మాత్రం మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978 నుంచి ఆపేసింది. రేడియేషన్ సైనిక ప్రయోగాలకి వాడుతున్నారన్న వార్తలే దానికి కారణం.

అసలు జంతువుల్ని వాడటం పూర్తిగా మానెయ్యొచ్చు కదా?

సౌందర్య సాధనాలకి 2014లోనే మానేశాం, కొంప మునగలేదు. పాముకాటు మందు సంగతి చూడండి. చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి విషం తీస్తుంది, దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి వాటి రక్తం నుంచి మందు తీస్తారు, తీసిన మందు బలాన్ని ఎలుకల మీద పరీక్షిస్తారు. వేరుశనగ చేలో కాటుపడ్డ రైతుకి ఈరోజు ఉన్న మందు అదొక్కటే. ఎక్కడ మానెయ్యగలమో అక్కడ మానకపోవడం తప్పు, మానలేని చోట మానేశామని చెప్పుకోవడమూ తప్పే.

## చట్టం, అనుమతులు

జంతు ప్రయోగాలకి ఎవరు అనుమతిస్తారు?

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 14వ సెక్షన్ కొత్త జ్ఞానం కోసం, ప్రాణాలు కాపాడటం కోసం చేసే ప్రయోగాలు నేరం కాదంటుంది. ఆ ప్రయోగాల్లో అనవసరమైన బాధ ఉండకుండా చూడటానికి కేంద్రం కమిటీ వేసింది, ఇప్పుడు దాన్ని సీసీఎస్ఈఏ అంటున్నారు. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ ఉండాలి. అందులో పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, శాస్త్రవేత్త కాని సామాజిక ప్రతినిధి తప్పనిసరి. ఎలుకలు, కుందేళ్ళ వంటివాటికి ఆ కమిటీ చాలు, పెద్ద జంతువులకి కేంద్ర కమిటీ అనుమతి కావాలి. ఆ సామాజిక ప్రతినిధి నోరు విప్పే మనిషా, టీ తాగి సంతకం పెట్టే మనిషా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది.

ఆర్గనాయిడ్‌లకి వేరే చట్టం ఉందా?

లేదు. ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) కలిసి 2017లో ఇచ్చిన మూలకణ పరిశోధన మార్గదర్శకాలే దిక్కు. మూలకణాలతో పనిచేసే సంస్థలో దానికని వేరే కమిటీ ఉండాలి. మనిషి మూలకణాల్ని జంతువుల్లో కలిపే ప్రయోగాలు ఆంక్షలున్న వర్గంలోకి వస్తాయి. ఆ కణాలు బీజకణాల్లోకి చేరే అవకాశమున్న జంతువులకి సంతానం కనే వీలు కల్పించడం నిషిద్ధం. మార్గదర్శకాలు రాసిన నాటికి ఆర్గనాయిడ్‌ల పని ఇంత ముందుకి రాలేదు, తిరగరాయాల్సిన సమయం వచ్చింది.

కొత్త మందులకి జంతు పరీక్షలు తీసేశారంట?

తీసెయ్యలేదు, బదులు పద్ధతులకి తలుపు తీశారు. అమెరికాలో 2022 డిసెంబరులో, మన దగ్గర 2023 మార్చిలో నిబంధనలు మార్చి, కణాలు, ఆర్గనాయిడ్‌లు, అవయవాల కణాలు పెంచిన చిప్పుల మీద చేసిన పరీక్షల్ని కూడా చూపించవచ్చన్నారు. చాలా కంపెనీలు ఇంకా రెండూ చేస్తున్నాయి.

## చదువుకునేవాళ్ళకి, వైద్యం కోసం తిరిగేవాళ్ళకి

జంతువుని చంపలేను. న్యూరోసైన్స్ చదవొచ్చా?

చదవొచ్చు. జువాలజీలో కప్ప కోతల్ని యూజీసీ 2014లోనే ఆపించింది. పీహెచ్‌డీలో కణాల ల్యాబు, కంప్యూటేషన్, ఎమ్మారై వంటివి ఎంచుకోవచ్చు. ఇంటర్వ్యూలోనే చెప్పండి, చేరాక కాదు. మొదటి ఎలుకని చంపిన రోజు అన్నం తినలేకపోయిన పిల్లలు చాలామంది తెలుసు. వాళ్ళలో మంచి శాస్త్రవేత్తలూ ఉన్నారు.

మా నాన్నకి పక్షవాతం. మెదడు కణాలు పెంచి ఎక్కిస్తామని ఒక క్లినిక్ వాళ్ళు లక్షలు అడుగుతున్నారు. వెళ్ళొచ్చా?

వద్దు. ఆర్గనాయిడ్‌లతో ఈరోజు ఏ మనిషికీ చికిత్స లేదు. మూలకణాలతో మన దేశంలో ఆమోదం ఉన్న మామూలు వైద్యం ప్రధానంగా రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడే. పక్షవాతానికి, ఆటిజానికి, సెరిబ్రల్ పాల్సీకి ఎక్కించేదంతా నిరూపణ లేనిది. ఆటిజం విషయంలో జాతీయ వైద్య మండలి నైతిక విభాగం 2022లోనే వద్దని చెప్పింది. "ఇది ట్రయల్ అన్నా, అందుకే ఈ రేటు" అంటే నమ్మకండి. క్లినికల్ ట్రయల్‌లో మందుకి రోగి డబ్బు కట్టే పద్ధతి లేదు. సీటీఆర్ఐ, అంటే మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నమోదు నంబరు అడగండి, అది ఆ పేరుగల వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. నంబరు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, కాబట్టి ఏ ఆసుపత్రి నైతిక కమిటీ ఒప్పుకుందో కూడా అక్కడే చదివి, నాన్నగారిని ఇప్పటిదాకా చూస్తున్న న్యూరాలజిస్టుకి ఆ పేజీ చూపించండి.